వెదురు నేలకు ఏ రంగు బాగుంటుంది? ముందు మీ ఇంట్లోకి వచ్చే ఎండను చూడండి

ప్రశ్న: మాది విశాఖలో సముద్రానికి దగ్గరగా ఉన్న మూడు పడగ్గదుల ఫ్లాట్. హాలు బాల్కనీ తూర్పు ముఖం. పాత విట్రిఫైడ్ టైల్స్ తీయకుండా వాటి మీదే వెదురు ఫ్లోరింగ్ వేయించాలనుకున్నాం. షాపుకెళ్తే అన్ని రంగులు చూసి తల తిరిగింది. మావారికి అద్దంలా మెరిసే ముదురు కాఫీ రంగు నచ్చింది. మా అమ్మాయి బూడిద రంగు ఫొటోలు చూపించి, ఇప్పుడు ట్రెండ్ ఇదేనంటోంది. షాపతను పులి చారల రకం తీసుకోమన్నాడు. మా అత్తగారేమో అసలు వెదురు ఇంట్లో పరవడమేంటని ముఖం చిన్నబుచ్చుకున్నారు. ఇంత డబ్బు పోశాక రంగు మారిపోతే, గీతలు పడితే ఎలాగని నా టెన్షన్. ఏ రంగు, ఏ ఫినిష్ తీసుకోమంటారు?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ముందు నా సలహా చెప్పేస్తాను, కారణాలు తర్వాత. మీ హాలుకు రంగు వేయని సహజ ఛాయలో, స్ట్రాండ్ వోవెన్ రకం (వెదురు పీచులను ఒత్తి చేసే గట్టి పలక), మెరుపు తక్కువగా ఉండే మ్యాట్ ఫినిష్‌తో తీసుకోండి. మీవారి కాఫీ రంగును ఒక పడగ్గదికి ఉంచండి. అయితే అది అద్దంలా మెరిసేది కాకూడదు, పైన పూసిన రంగూ కాకూడదు. బూడిద రంగు మాత్రం మీ ఇంటికి వద్దనే చెబుతాను. పులి చారలది చిన్న ముక్కగా చూసినప్పుడు బాగుంటుంది కానీ, హాలంతా పరిచి, దాని మీద సోఫాలు, కర్టెన్లు, టీవీ యూనిట్ పెట్టాక కన్నుకు విశ్రాంతి ఉండదు. ఆ ముచ్చట తీరాలంటే చదువుకునే గది లాంటి చిన్న గదికి సరిపోతుంది.

ఇక కారణాలు. షాపులో హనీ, క్యారమెల్, మోకా, వాల్‌నట్, యాష్ అని బోలెడు పేర్లు చెబుతారు. పేర్లు ఎన్ని ఉన్నా వెదురు పలకకు రంగు వచ్చే దారులు మూడే. అవి తెలిస్తే సగం గందరగోళం పోతుంది.

మొదటిది సహజం. వెదురును బద్దలుగా చీల్చి, పైన ఉండే ఆకుపచ్చ పొర చెక్కేసి, పురుగు పట్టకుండా మందు నీళ్లలో ఉడకబెట్టి, ఆరబెట్టి, జిగురుతో అతికించి పలకలు చేస్తారు. అప్పుడు అది ఎండుగడ్డి రంగుకు, లేత గోధుమ రంగుకు మధ్యలో ఉంటుంది. రెండోది కార్బొనైజ్డ్. ఇక్కడ బద్దలను మూసిన బాయిలర్లలో ఒత్తిడితో కూడిన ఆవిరిలో ఉంచుతారు. వెదురులో ఉన్న చక్కెర, పిండి పదార్థాలు ఆ వేడికి మారి, బెల్లం పాకం ముదిరినట్టు గోధుమ రంగు తేలుతుంది. ఎంతసేపు ఉంచితే అంత ముదురు. ఆ రంగు పైనే కాదు, పలక లోపలి దాకా ఉంటుంది. మూడోది స్టెయిన్, అంటే పైన పూసే రంగు. బూడిద, తెలుపు, చెర్రీ ఎరుపు, బొగ్గు నలుపు దాదాపు అన్నీ ఈ కోవలోవే.

షాపతను ఏ పేరు చెప్పినా సరే, ముక్కను చేతిలోకి తీసుకుని కోసిన అంచు వైపు తిప్పి చూడండి. పైనున్న ముదురు రంగే అంచులోనూ ఉంటే అది ఆవిరిలో ఉడికించినది, అంటే కార్బొనైజ్డ్. అంచు పాలిపోయి పైన మాత్రం ముదురుగా ఉంటే అది పూసిన రంగు. ఈ తేడా మీ ఇంట్లో ఎప్పుడు బయటపడుతుందంటే, పిల్లలు కుర్చీ ఈడ్చినప్పుడు. రంగు పూసిన ముదురు పలక మీద గీత లోతుగా పడితే లోపలి లేత రంగు బయటికొచ్చి, గది గుమ్మంలో నిలబడ్డా కనిపిస్తుంది. ఉడికించిన దాని మీదైతే గీత కింద కూడా అదే రంగు కాబట్టి అంతగా తెలియదు. అందుకే మీవారికి కాఫీ రంగే కావాలనుకుంటే ఉడికించినదే తీసుకోమన్నాను. దానికీ ఒక లోటు ఉంది. ఆవిరి పట్టించడం వల్ల వెదురు కొంత మెత్తబడుతుంది. మంచం, బీరువా తప్ప పెద్దగా ఈడ్చేవేమీ లేని పడగ్గదికి అది ఇబ్బంది కాదు. రోజంతా మనుషులు తిరిగే హాలుకు వద్దు.

ఇప్పుడు మీ అసలు భయం, రంగు మారడం. దాచకుండా చెబుతాను, మారుతుంది. ఏ వెదురైనా, ఏ చెక్కైనా ఎండ తగిలితే మారుతుంది. ఆ రంగు ఎటు వైపు మారుతుంది, అలా మారాక మీకు నచ్చుతుందా లేదా అన్నది చూసుకోవాలి. సహజ ఛాయలో ఉన్న వెదురు వెలుతురు తగిలేకొద్దీ పసుపు తిరిగి తేనె రంగులోకి వస్తుంది. ఆవిరిలో ఉడికించినది అందుకు విరుద్ధంగా వెలుతురుకు పలచబడుతుంది, ముదురు కాఫీ కాస్తా పాలు ఎక్కువైన కాఫీ అవుతుంది. మీ హాలు బాల్కనీ తూర్పున సముద్రం వైపు ఉందన్నారు. ఎదురుగా అడ్డంగా భవనాలు లేకపోతే పొద్దున్నే వాలుగా వచ్చే ఎండ నేల మీద బారెడు దూరం పాకుతుంది. కిటికీ అద్దం మూసి ఉన్నా రంగు మార్చే కిరణాల్లో చాలా భాగం లోపలికి వస్తూనే ఉంటాయి. అలాంటి చోట కాఫీ రంగు వేయిస్తే బాల్కనీ పక్కన వెలిసిపోయి, సోఫా కింద ముదురుగా మిగిలి, సోఫా జరిపిన రోజున నేల మీద దాని అచ్చు కనబడుతుంది. సహజ రంగులోనూ తేడా వస్తుంది కానీ, అది లేతనుంచి తేనెలోకి వెళ్లే తేడా. చూడ్డానికి నిండుగానే ఉంటుంది. హాలుకు సహజమే అని నేను గట్టిగా చెప్పడానికి పెద్ద కారణం ఇదే.

నా మాట మీద కాకుండా మీ కళ్లతో చూసి నిర్ణయించుకోవాలంటే ఒక పని చేయండి. నచ్చిన మూడు రంగుల ముక్కలు షాపు నుంచి తెచ్చుకోండి. పేరున్న షాపులు నమూనా ముక్కలు ఇస్తాయి, ఇవ్వనంటే డబ్బిచ్చి కొనుక్కోండి. ఒక్కో ముక్కకు సగం వరకు మందపాటి అట్ట చుట్టి టేపు వేసి, బాల్కనీ తలుపు పక్కన ఎండ పడే చోట నేల మీద ఉంచండి. గోడకు నిలబెట్టొద్దు, నేల రంగు నేల మీదే తెలుస్తుంది. ఒక నెల తర్వాత అట్ట విప్పి రెండు సగాలనూ పక్కపక్కన చూడండి. ఈలోగా పొద్దున ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి, రాత్రి మీ ఇంట్లో మామూలుగా వేసుకునే లైట్ కింద ఒకసారి ఆ ముక్కలను గమనించండి. షాపులో పైనుంచి పడే తెల్లటి స్పాట్‌లైట్ల కింద బూడిద రంగు చల్లగా, హుందాగా కనిపిస్తుంది. అదే మీ హాలులో పసుపు బల్బు కింద మురికి పట్టినట్టు అనిపించవచ్చు. నెల రోజులు ఆగడం కష్టమే, కానీ ఇరవై ఏళ్లు నడిచే నేల ఇది.

బూడిద రంగు గురించి మీ అమ్మాయికి నచ్చజెప్పాల్సి ఉంటుంది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. తన ఎంపిక తప్పని కాదు. దాదాపు పదేళ్ల కిందట ప్రపంచమంతా బూడిద రంగు నేలలే వేసింది. అంతకు ముందు, వెదురు ఫ్లోరింగ్ మార్కెట్లోకి కొత్తగా వచ్చిన రోజుల్లో, పసుపు పచ్చని సహజ రంగు, ముదురు గోధుమ రంగు, రెండూ అద్దంలా మెరిసేవి. తర్వాత ఎర్రటి చెర్రీ రంగు వచ్చింది. ఆ ఎరుపుకు ఎదురుతిరిగినట్టుగా బూడిద, సున్నం తెలుపు వచ్చాయి. ఇప్పుడు గాలి మళ్లీ వెచ్చని రంగుల వైపు తిరిగింది. ఓట్స్ రంగు, తేనె, లేత క్యారమెల్, వాల్‌నట్ గోధుమ, అన్నీ మెరుపు లేకుండా. జపాన్ ఇళ్ల పొదుపుదనాన్ని, ఉత్తర యూరప్ ఇళ్ల తేటదనాన్ని కలిపిన జపాండి శైలి అందరి నోళ్లలో నానుతోంది కదా, దాని నేల ఇదే. మీ అమ్మాయి చూపించిన ఫొటోలు ఆ బూడిద రంగు కాలానివి అయ్యుండాలి.

ట్రెండ్ సంగతి పక్కన పెట్టినా, వెదురు మీద బూడిద రంగుకు సొంత చిక్కు ఒకటి ఉంది. వెదురు లోపల పసుపు. దాని మీద నీలం కలిసిన బూడిద రంగు పూస్తారు. కాలం గడిచేకొద్దీ కింది పసుపు ముదురుతుంది, పైన బూడిద పలచబడుతుంది. రెండూ కలిసి కొన్ని వెలుతురుల్లో ఆకుపచ్చ ఛాయ కొట్టే అవకాశం ఉంది. ఓక్ లాంటి చెక్క మీద అంతగా తెలియనిది వెదురు మీద తెలుస్తుంది. పైగా మన ఇళ్లలో టేకు తలుపులు, గుమ్మాలు ఎర్రని గోధుమ రంగు పాలిష్‌తో ఉంటాయి. ఆ గుమ్మం పక్కన బూడిద నేల అతికించినట్టు ఉంటుంది. మీ అమ్మాయికి ఆ రంగు మీద అంత మక్కువైతే తన గదిలో కర్టెన్లు, దుప్పటి, ఒక గోడ ఆ రంగులో పెట్టుకోమనండి. అవి రెండేళ్లకు మార్చుకోవచ్చు.

టేకు తలుపుల మాట వచ్చింది కాబట్టి, నేల రంగును తలుపు రంగుకు సరిగ్గా కలపాలని చాలామంది తాపత్రయపడతారు. అది కుదరదు, కుదిరినా బాగుండదు. నేల తలుపు కంటే రెండు ఛాయలు లేతగా ఉంటే గది విశాలంగా కనిపిస్తుంది, తలుపుకూ విలువ వస్తుంది. మధ్యలో స్కర్టింగ్, అంటే గోడ అడుగున వేసే పట్టీ, ఉంటుంది కదా, అది నేల రంగులో కాకుండా గోడ రంగులో పెట్టించండి.

ఇక ఫినిష్. నన్నడిగితే రంగు కన్నా దీని మీదే ఎక్కువ సమయం పెట్టమంటాను. రంగు చూసి కొంటాం, ఆ తర్వాత రోజూ కాపురం చేసేది ఫినిష్‌తో. మెరుపు ఎక్కువ నుంచి తక్కువకు హై గ్లాస్, సెమీ గ్లాస్, శాటిన్, మ్యాట్ అని నాలుగు మెట్లు ఉంటాయి. మెరుపు పెరిగేకొద్దీ వెలుతురును అద్దంలా తిప్పి కొడుతుంది కాబట్టి ప్రతి గీత, ప్రతి పాదముద్ర, తుడుపు గుడ్డ వదిలిన ప్రతి చార కనబడుతుంది. మీవారు మెచ్చిన ముదురు రంగు, హై గ్లాస్ రెండూ కలిస్తే దుమ్ముకు అంతకన్నా మంచి ప్రదర్శన ఉండదు. పొద్దుటి వాలు ఎండ పడే తూర్పు హాలులో అయితే ఊడ్చిన అరగంటకే ఊడ్వనట్టు కనిపిస్తుంది. దానికి తోడు మీ ఊళ్లో ఇసుక. బీచ్‌కి వెళ్లొచ్చిన పిల్లల కాళ్లకు, చెప్పులకు అంటుకుని వచ్చే సన్న ఇసుకే ఫినిష్‌కు మొదటి శత్రువు. ఇసుక రేణువు పాదం కింద నలిగి సన్నటి గీతలు గీస్తుంది. మ్యాట్ మీద ఆ గీతలు పడవని కాదు, పడ్డా కంటికి అందవు.

మరీ జీవం లేనట్టుండే మ్యాట్ నచ్చకపోతే శాటిన్ తీసుకోండి. అది నూనె రాసిన చెక్క మీద ఉండే పాటి నిగారింపే ఇస్తుంది.

మెరుపు ఒక విషయం, పూత దేనితో చేశారన్నది ఇంకో విషయం. ఫ్యాక్టరీలో వేసి వచ్చే పూతల్లో ఎక్కువ వాడేది అల్యూమినియం ఆక్సైడ్ కలిపిన పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్ తరహా పూత, అతినీల లోహిత కాంతితో గట్టిపరిచినది. అల్యూమినియం ఆక్సైడ్ అంటే ఎమరీ కాగితంలో వాడే గరుకు పదార్థమే. అందుకే అరుగుదలకు బాగా ఓర్చుకుంటుంది, నీళ్లు ఒలికినా తుడిచేస్తే పోతుంది. లోతైన గీత పడితే మాత్రం ఆ ఒక్క చోటే మరమ్మతు చేయడం కష్టం. రెండోది హార్డ్‌వ్యాక్స్ ఆయిల్, అంటే నూనె, మైనం కలిపిన పూత. ఇది వెదురులోకి ఇంకుతుంది, పాదానికి చెక్క తాకిన హాయి తెలుస్తుంది, గీత పడిన చోట కొంచెం గీకి మళ్లీ నూనె రాస్తే కలిసిపోతుంది. ఇప్పుడు డిజైనర్లు ఎక్కువగా మెచ్చుకునేది దీన్నే, నాకూ ఇష్టమే. అయినా మీ ఇంటికి మొదటిదే చెబుతున్నాను. ఆయిల్ ఫినిష్‌కు ఏడాదికోసారైనా మళ్లీ నూనె పట్టించాలి, అంత ఓపిక అందరికీ ఉండదు. రెండో సంగతి, మన ఇళ్లలో పసుపు, కుంకుమ, కాఫీ, పులుసు కిందపడకుండా వారం గడవదు. ఆయిల్ ఫినిష్ మీద పడిన కుంకుమ వెంటనే తుడవకపోతే లోపలికి దిగుతుంది. పసుపు మరకైతే ఎండకు కొన్ని రోజుల్లో వెలిసిపోతుంది, కుంకుమ అలా పోదు.

పైన గీతలు, గుంతలు కావాలని పెట్టిన హ్యాండ్ స్క్రేప్డ్ రకం కూడా చూపించే ఉంటారు. పాతకాలపు చెక్క లాంటి అందం ఉంటుంది, నిజమే. ఆ గుంతల్లో దుమ్ము చేరితే తుడుపుకర్ర తీయలేదు. తీగల బ్రష్‌తో సన్నగా గీరిన వైర్ బ్రష్డ్ దాకా పర్వాలేదు. వేలితో రాస్తే తెలిసీ తెలియనట్టుండాలి, అంతే.

హాలుకు స్ట్రాండ్ వోవెన్ ఎందుకన్నానో చెప్పాలి. వెదురు పలకలు తయారయ్యే తీరు కూడా మూడు రకాలు. బద్దలను అడ్డంగా పరిచి అతికిస్తే హారిజాంటల్. అందులో కణుపులు ముద్దుగా కనబడతాయి, చూడగానే ఇది వెదురని తెలుస్తుంది. బద్దలను నిలువుగా పేర్చి అతికిస్తే వర్టికల్, దాంట్లో సన్నటి గీతలు, చిన్న చిన్న కణుపు మచ్చలు. ఇక స్ట్రాండ్ వోవెన్‌లో వెదురును పీచులుగా చితకగొట్టి, జిగురులో ముంచి, విపరీతమైన ఒత్తిడితో దిమ్మెలుగా చేసి కోస్తారు. చెక్కల గట్టిదనాన్ని జాంకా పరీక్షతో కొలుస్తారు. 11.28 మిల్లీమీటర్ల ఉక్కు గుండును చెక్కలోకి సగం దిగేలా నొక్కడానికి ఎంత బలం కావాలో చూస్తారు. ఆ లెక్కన మామూలు వెదురు పలక టేకుకు కాస్త అటూ ఇటూగా ఉంటే, స్ట్రాండ్ వోవెన్ టేకు కంటే రెండింతలకు పైనే గట్టిది. హాలుకు, నడవాకు అదే సరైనది. దాని మీద కణుపులు కనిపించవు, చెక్క చారల్లాంటి గీతలే ఉంటాయి.

అందుకే ఒక గదికైనా, వీలైతే మీ అత్తగారి గదికి, కణుపులు కనిపించే హారిజాంటల్ సహజ రంగుది వేయించమని నా కోరిక. వెదురు కొని, అది వెదురని తెలియకుండా రంగు పూసి దాచేయడం నాకు మనసొప్పదు. చెప్పులు గుమ్మం బయట విడిచే ఇళ్లు మనవి. హైహీల్స్‌తో పడగ్గదిలో తిరిగే దేశాల వాళ్లకు పనికిరానిది మనకు చక్కగా మన్నుతుంది.

అత్తగారి సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. ఆవిడ ముఖం ఎందుకు చిన్నబుచ్చుకున్నారో మన తరానికి వెంటనే తట్టదు కానీ, పెద్దవాళ్ల మనసులో వెదురు అనగానే పాడె మెదులుతుంది. ఆ బాధను చాదస్తమని కొట్టిపారేయకుండా ఆవిడ పక్కన కూర్చుని మాట్లాడండి. పెళ్లి పందిట్లోకి పెళ్లికూతుర్ని మేనమామ తెచ్చింది వెదురు గంపలోనే కదా. వాయనం ఇచ్చే చేట, పిండి జల్లించే జల్లెడ, పిల్లాణ్ని ఊపిన ఊయల, కృష్ణుడి చేతిలో మురళి, అన్నీ వెదురే. మేదరులు అల్లిన బుట్ట లేకుండా పాత ఇంట్లో ఏ శుభకార్యమూ జరగలేదు. పోనీ పెద్దల ఇళ్ల మాట అటుంచి దేశం మాట చెప్పండి. 2023 మేలో ప్రారంభమైన కొత్త పార్లమెంటు భవనంలో నేలకు వాడిన వెదురు త్రిపుర నుంచి వచ్చింది. బెంగళూరు విమానాశ్రయం రెండో టెర్మినల్‌లో పైకప్పు పొడవునా వెదురే వేలాడుతుంది, మీ బంధువులెవరైనా ఆ దారిన వెళ్తే ఫొటోలు తీసి పంపమనండి. రంగు పూయని వెదురు పెద్ద స్థలంలో ఎంత వెచ్చగా ఉంటుందో మీకూ తెలుస్తుంది. ఇవన్నీ చెప్పినా ఆవిడకు మనసొప్పకపోతే ఆవిడ గదిని టైల్స్‌తోనే వదిలేయండి. ఆ వయసులో తన గదిలో తనకు నచ్చని నేల మీద నడవమనడం న్యాయం కాదు.

పూజ గది మాత్రం ఎటూ టైల్ లేదా గ్రానైటే ఉండాలి. దీపం నూనె, కుంకుమ, అభిషేకం నీళ్లు, ముగ్గు, ఇవేవీ వెదురుకు పడవు. వంటగది, బాత్‌రూమ్, బాల్కనీ కూడా అంతే.

ఇప్పుడు తేమ. విశాఖలో ఉంటూ ఇది మరిచిపోతే రంగు, ఫినిష్ ఎంత బాగా ఎంచుకున్నా దండగ. వెదురు గాలిలో తేమ పీల్చి ఉబ్బుతుంది, పొడి గాలికి కుంచించుకుపోతుంది. మీ ఊళ్లో గాలి ఏడాదిలో ఎక్కువ భాగం చెమ్మగానే ఉంటుంది, అదే పడగ్గదిలో రాత్రంతా ఏసీ నడుస్తుంది. అందుకని పూర్తిగా ఒకే దిమ్మెతో చేసిన పలక కంటే, కింద అడ్డంగా నిలువుగా అతికించిన పొరలు, పైన స్ట్రాండ్ వోవెన్ పొర ఉన్న ఇంజినీర్డ్ రకం అడగండి. అది తక్కువ కదులుతుంది. పెట్టెలు ఇంటికి రాగానే బిగించడం మొదలుపెట్టనివ్వకండి. పెట్టెలు విప్పి, పలకలను వేయబోయే గదిలోనే పరిచి కనీసం మూడు రోజులు, స్ట్రాండ్ వోవెన్ అయితే రెండు వారాలైనా ఉంచాలి. పనివాళ్లు తొందరపెడతారు, మీరు లొంగకండి. వానాకాలం మధ్యలో ఈ పని పెట్టుకోకండి. గోడ పక్కన చుట్టూ 10 నుంచి 12 మిల్లీమీటర్ల ఖాళీ వదిలారో లేదో స్కర్టింగ్ కొట్టకముందే మీరే స్వయంగా చూడండి. ఆ ఖాళీ లేకపోతే వానల్లో నేల మధ్యలో పైకి లేస్తుంది.

తేమకూ రంగుకూ సంబంధం ఉంది. పలకలు కుంచించుకున్నప్పుడు కీళ్ల దగ్గర సన్నటి సందులు తెరుచుకుంటాయి. పైన ముదురు రంగు పూసిన నేలలో ఆ సందుల్లోంచి రంగు లేని పక్క అంచు తెల్ల గీతలా తొంగిచూస్తుంది. సహజ రంగులో అది నీడలా కలిసిపోతుంది.

టైల్స్ మీద వేయడం బాగానే ఉంటుంది, ఎక్కడా టైల్ డొల్లగా మోగకుండా, ఎత్తుపల్లాలు లేకుండా ఉంటే చాలు. కింద తేమ ఆపే పలచని షీట్, అండర్‌లే (పలకల కింద పరిచే మెత్తటి పొర) వేయించండి. కానీ నేల ఎత్తు పెరుగుతుంది కదా, తలుపులన్నీ కింద చెక్కించాల్సి రావచ్చు. పలక, అండర్‌లే మందం కలిపి కొలిచి, తలుపు కింద అంత సందు ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. ముఖ్యంగా మెయిన్ డోర్ దగ్గర. హాలు వెదురు, వంటగది టైల్ కలిసే చోట ఎత్తు తేడాకు పెట్టే పట్టీ ఇత్తడి రంగుదైతే తేనె రంగు పక్కన ఒదిగిపోతుంది. పెద్దవాళ్ల కాలికి తగలకుండా అది వాలుగా ఉండే రకం కావాలి.

జిగురు గురించి ఒక్క మాట. వెదురు పలకల్లో జిగురు బాగానే ఉంటుంది, అందులోంచి ఫార్మాల్డిహైడ్ వాయువు కొద్దికొద్దిగా వస్తుంది. పెట్టె మీద ఆ వాయువు తక్కువగా వస్తుందని తెలిపే ఈ1 (E1) లేదా ఇంకా మెరుగైన ఈ0 (E0) గుర్తు ఉందో లేదో చూడండి. అది లేని చవక సరుకును ఏ రంగు నచ్చినా వదిలేయండి.

వేశాక మొదటి కొన్ని నెలలు తివాచీలు, కార్పెట్లు పరవకండి. నేలంతా సమానంగా వెలుతురు చూసి ఒకే తీరుగా రంగు తిరగనివ్వండి. కింద రబ్బరు ఉన్న పట్టాలు ఎప్పుడూ వద్దు, వాటి కింద పసుపు మచ్చ పడితే పోదు. బాల్కనీ వైపు పలచని తెల్ల కర్టెన్ వేసి, పొద్దుటి ఎండ నేల మీద పడే ఆ కొద్దిసేపు లాగి ఉంచితే చాలు. కుర్చీలు, టీపాయ్ కాళ్లకు ఫెల్ట్ (మందపాటి మెత్తటి గుడ్డ) ముక్కలు అతికించండి.

పనమ్మాయికి ముందే నేర్పాల్సింది ఒకటుంది. బకెట్ నీళ్లలో ఫినాయిల్ పోసి గుడ్డ నీళ్లు కారుతుండగా తుడిచే అలవాటు ఈ నేలకు పనికిరాదు. రోజూ మెత్తని చీపురుతోనో, మైక్రోఫైబర్ మాప్‌తోనో ఇసుక తీయాలి. తర్వాత బాగా పిండిన గుడ్డతో తుడిస్తే, తుడిచిన చోట ఒకటి రెండు నిమిషాల్లో ఆరిపోవాలి. అంతకన్నా ఎక్కువ సేపు తడి నిలిస్తే నీళ్లు ఎక్కువైనట్టే. మెయిన్ డోర్ బయట ఒక గరుకు పట్టా, లోపల ఒక మెత్తటి పట్టా వేస్తే బీచ్ ఇసుకలో చాలా భాగం అక్కడే ఆగిపోతుంది.

చివరిగా, కొనేటప్పుడు కొలతకు సరిపడా కాకుండా పది శాతం వరకు అదనంగా తీసుకోండి. పెట్టెలన్నిటి మీదా బ్యాచ్ నంబర్ ఒకటేనని చూసుకుని, ఆ నంబర్‌ను బిల్లు మీద రాయించుకోండి. వెదురు పండిన చోటును బట్టి, కోసిన వయసును బట్టి బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ ఛాయ తేడా ఉంటుంది. బిగించేవాళ్లు ఒకే పెట్టె ఖాళీ చేసి ఇంకోటి తెరవకుండా, మూడు నాలుగు పెట్టెల్లోంచి కలిపి పరిచేలా చూడండి, అప్పుడు తేడాలు చెదిరిపోయి సహజంగా కనిపిస్తాయి. కోతలకు పోగా మిగిలిన పలకలను పడేయకుండా మంచం కింద పడుకోబెట్టి దాచండి, అటక మీద వేడికి వంకరపోతాయి. ఎప్పుడైనా ఒక పలక మార్చాల్సి వస్తే, కొత్తది కొన్ని నెలలు పక్కవాటి కంటే లేతగా కనిపిస్తుంది. కంగారు పడి దాని మీద రంగు వేయించకండి. మీ తూర్పు ఎండకు అదే నెమ్మదిగా తేనె రంగు తిరిగి పక్కవాటిలో కలిసిపోతుంది.